పిక్క కండ చిరిగాక మళ్లీ పరుగుదాకా: నా అనుభవం

గత సెప్టెంబర్‌లో ఒక ఆదివారం లాంగ్ రన్‌లో నా కుడి పిక్క దెబ్బతింది. వైజాగ్ నేవీ మారథాన్‌లో ఫుల్ పరిగెత్తాలని ప్రాక్టీస్ మంచి ఊపులో ఉన్న రోజులవి. ఆర్కే బీచ్ దగ్గర చీకటితోనే మొదలుపెట్టి, రుషికొండ దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. తెన్నేటి పార్కు దగ్గర, కైలాసగిరి కింద రోడ్డు ఎత్తెక్కుతుంది. అక్కడ పిక్క లోపల, బాగా లోతున, ఏదో బిగుసుకుంటున్నట్టు అనిపించింది. టప్పుమని శబ్దం రాలేదు, నేను పడిపోలేదు. కానీ అడుగు అడుగుకీ ఆ బిగువు నొప్పిగా మారుతోంది. ఆగి నడిచాను. నడుస్తున్నా తగ్గలేదు. ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను.

పిక్కలో ప్రధానంగా రెండు కండలుంటాయి. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గ్యాస్ట్రాక్నీమియస్, అది మోకాలి పైనుంచి మొదలవుతుంది. దాని కింద వెడల్పుగా, చదునుగా పరుచుకుని ఉండేది సోలియస్, అది మోకాలికి దిగువనే మొదలవుతుంది. రెండూ కిందికి వచ్చి అకిలిస్ టెండన్‌గా, అంటే కండని ఎముకకి కలిపే గట్టి తాడులా కలిసి మడమకి అతుక్కుంటాయి. పైకండ చిరిగితే చాలామందికి ఆ క్షణం గుర్తుంటుంది. వెనక నుంచి ఎవరో రాయి పెట్టి కొట్టారేమోనని తిరిగి చూసినవాళ్లున్నారు. షటిల్, టెన్నిస్ ఆడేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఇదే. దూరాలు పరిగెత్తేవాళ్లకి తరచుగా దెబ్బతినేది లోపలి సోలియస్. అది ఇలా నెమ్మదిగా బిగుసుకుంటూ బయటపడుతుంది కాబట్టి, మామూలుగా పిక్క పట్టేసిందనుకుని తేలిగ్గా తీసుకోవడం జరుగుతుంటుంది. పరిగెత్తేటప్పుడు సోలియస్ మీద పడే బలం మనిషి బరువుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుందని అంచనా. నా బరువు 58 కిలోలు. అంటే ఒక్కో అడుగుకీ ఆ కండ మోసేది మూడున్నర, నాలుగున్నర క్వింటాళ్లు. ఈ లెక్క విన్నాక నాకు దాని మీద కోపం పోయింది.

ఇంట్లో మొదట చూసింది మా అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం వైపు. "ఏటమ్మా ఆ నడక, కాలు ఈడుస్తన్నావు" అంటూ అప్పటికప్పుడు కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచేశారు. పిక్క గట్టిగా మర్దన చేస్తే పట్టు వదులుతుందని ఆవిడ నమ్మకం. మా వారు మాత్రం ముందు డాక్టర్‌కి చూపిద్దామన్నారు. ఆ నూనె చివరికి ఆవిడ మోకాళ్లకే పనికొచ్చింది.

ఎముకల డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న పరుగు గురించి కాదు. ఈ మధ్య బస్సులో, రైల్లో గంటల తరబడి కూర్చుని ప్రయాణం చేశారా, హార్మోన్ మాత్రలేమైనా వాడుతున్నారా, ఆపరేషన్ ఏదైనా అయిందా అని. అంతకుముందు వారమే బెంగళూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చానని చెప్పగానే డాప్లర్ స్కాన్ రాశారు. కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టినా పిక్క ఇలాగే నొప్పి పెడుతుంది, వాస్తుంది, వెచ్చగా ఉంటుంది. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి కాలిని మర్దన చేస్తే ఇంకా ప్రమాదం. పరిగెత్తేవాళ్లం కాబట్టి కాలు నొప్పి అనగానే కండే అనుకుంటాం, ఈ సంగతి నాకు అంతకుముందు తెలియదు. నాకు డాప్లర్‌లో ఏమీ లేదని తేలింది. కానీ రిపోర్ట్ చేతికొచ్చేదాకా పడిన టెన్షన్ ముందు ఆ తర్వాత పడ్డ నొప్పి ఏపాటి?

తర్వాత బోర్లా పడుకోబెట్టి పిక్కని చేత్తో నొక్కి చూశారు. నొక్కినప్పుడు పాదం కిందికి వంగితే అకిలిస్ టెండన్ తెగలేదని అర్థం. వంగింది. మోకాలు చాచి మునివేళ్ల మీద లేవమంటే కొంచెం నొప్పి, మోకాలు వంచి లేవమంటే చాలా నొప్పి. మోకాలు వంచినప్పుడు పైకండ వదులై పని ఎక్కువగా సోలియస్ మీద పడుతుంది. డాక్టర్ అనుమానం అక్కడే సోలియస్ మీదికి వెళ్లింది. అల్ట్రాసౌండ్‌లో పెద్దగా ఏమీ కనిపించలేదు, సోలియస్ గాయాలు అందులో దొరక్కపోవడం మామూలేనట. ఎంఆర్ఐలో బయటపడింది: సోలియస్‌లో గ్రేడ్ 2 చిరుగు, కొంత నీరు చేరింది. అంటే కండ పోగుల్లో కొన్ని తెగాయి, పూర్తిగా విడిపోలేదు. అదృష్టం ఏమిటంటే కండ మధ్యలో ఉండే టెండన్ దెబ్బతినలేదు. అది కూడా చిరిగితే కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందని చెప్పారు. అవుట్ పేషెంట్ పరీక్ష కాబట్టి నా పాలసీలో ఎంఆర్ఐ ఖర్చు రాలేదు, అది వేరే నొప్పి.

డాక్టర్ ఫిజియో దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి నాకంటే పదిహేనేళ్లు చిన్నది, మాట మాత్రం కచ్చితం. "మేడమ్, రెండు నెలలు మంచం మీద పడుకుంటే నొప్పి పోతుంది. పిక్క మాత్రం బాగుపడదు" అంది. నేను దానికి ఎదురు వాదించాను. తెగిన కండకి విశ్రాంతి ఇవ్వకుండా వ్యాయామం చేయిస్తే ఇంకా చిరగదా అని. అప్పుడు ఒక పరిశోధన గురించి చెప్పింది. డెన్మార్క్‌లో తొడ కండ, పిక్క కండ దెబ్బతిన్న 50 మంది అమెచ్యూర్ ఆటగాళ్లని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి గాయమైన రెండు రోజులకే వ్యాయామం మొదలుపెట్టారు, రెండో గుంపుకి తొమ్మిది రోజులకి. చేసిన వ్యాయామాలు ఒకటే. మొదటి గుంపు మళ్లీ ఆటకి రావడానికి పట్టిన కాలం 62.5 రోజులు, రెండో గుంపుకి 83. ఇది 2017లో వచ్చింది. ఒక్క వారం ఆలస్యానికి మూడు వారాల తేడా. ఇంటికెళ్లి వెతికి చూశాను, నిజమే. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఏది చెబితే అది చేశాను.

ఐస్ గురించి కూడా చెప్పాలి. మా రన్నింగ్ గ్రూపులో ఎవరికి ఏమైనా అందరూ ఇచ్చే సలహా ఒక్కటే, విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం. ఈ పద్ధతికి 1978లో ప్రచారం తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టర్. ఆయనే 2014లో, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని మాట మార్చారు. గాయమైన చోట వచ్చే వాపు కూడా మానడంలో భాగమే. అందుకే మొదటి రెండు మూడు రోజులు నొప్పి మరీ భరించలేకపోతే కాసేపు ఐస్ పెట్టుకోమంది ఫిజియో, ఎవరో చెప్పారని గంటల తరబడి పెట్టొద్దంది. నొప్పి మాత్రల్లో కూడా వాపు తగ్గించే రకం మొదటి రోజుల్లో డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దంది. పారాసెటమాల్‌తో నెట్టుకొచ్చాను. అన్నిటికంటే కచ్చితంగా వద్దన్నది స్ట్రెచింగ్. గోడకి చేతులు ఆనించి పిక్కని లాగడం పరిగెత్తేవాళ్లకి ఊపిరి తీసినంత అలవాటు. చిరిగిన పోగులు అతుక్కుంటున్నప్పుడు వాటిని లాగితే ఏమవుతుందో మీరే చెప్పండి అంది. ఆపేశాను.

మొదటి వారాల్లో నొప్పి ఎక్కడెక్కడ దాక్కుని ఉందో ఇంటిపనులు చూపించాయి. ముగ్గు వేయడానికి గొంతుక్కూర్చుంటే పిక్క లోపల చురుక్కుమనేది. మోకాలు వంగి పాదం పైకి మడత పడిందంటే సోలియస్ పూర్తిగా సాగుతుంది. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం. వంటింట్లో గచ్చు మీద ఉత్తకాళ్లతో నిలబడితే పదినిమిషాల్లో బరువెక్కేది. ఒక వింత ఏమిటంటే, అప్పట్లో నాకు హాయిగా ఉన్న చెప్పులు పెళ్లిళ్లకి వేసుకునే ఎత్తు మడమ చెప్పులు మాత్రమే. మడమ కాస్త ఎత్తులో ఉంటే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. ఫిజియో కూడా బూట్లలో మడమ కింద పెట్టుకోవడానికి చిన్న ప్యాడ్‌లు ఇచ్చింది, రెండు కాళ్లకీ, లేకపోతే నడుము వంకర పోతుందని. ఆ నెలంతా నేను బ్యాంక్‌కి వెళ్లిన తీరు చూసి కొలీగ్స్ ఏదో ఫంక్షన్ ఉందనుకున్నారు.

వ్యాయామం మొదట చాలా చిన్నది. కుర్చీలో కూర్చుని, మునివేళ్లని గోడకి ఆనించి కదలకుండా నెట్టి ఉంచడం, వదలడం. తర్వాత కూర్చునే మడమలు ఎత్తడం. ఇది చూడ్డానికి తేలిక, బరువు లేకపోతే నిజంగానే తేలిక. జిమ్‌లో దీనికి మెషిన్ ఉంటుంది. నా దగ్గర బియ్యం బస్తా ఉంది. ముందు పది కిలోల సంచి మోకాలి మీద పెట్టుకుని మూడు అంకెలు లెక్కపెడుతూ ఎత్తడం, మూడు అంకెలు లెక్కపెడుతూ దించడం. అది అలవాటయ్యాక ఇరవై ఐదు కిలోల బస్తా. పొద్దున కుక్కర్ పెట్టి, మూడు విజిళ్లు వచ్చేలోపు ఒక విడత. అత్తయ్య మొదట బియ్యాన్ని కాళ్లెక్కించుకోవడమేంటని గోల చేశారు. తర్వాత ఆవిడే బస్తా మీద పాత దుప్పటి మడతపెట్టి ఇచ్చారు, మోకాలు ఒరుసుకోకుండా.

నొప్పిని ఎంతవరకు ఓర్చుకోవాలన్నది నన్ను చాలా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. ఫిజియో ఇచ్చిన కొలత ఇది: సున్నా నుంచి పది దాకా గీత గీసుకుంటే మూడు దాకా పర్వాలేదు. అంతకు మించితే బరువు తగ్గించాలి, మానేయకూడదు. చేస్తున్నప్పుడు మూడే ఉన్నా, మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులో అంతకుముందు రోజు కంటే బిగువు ఎక్కువుంటే ముందు రోజు చేసింది ఎక్కువైనట్టు. ఈ మంచం పక్కన అడుగు పరీక్ష నాకు ఎంఆర్ఐ కంటే ఎక్కువ ఉపయోగపడింది. అబద్ధం చెప్పదు. చేస్తున్నప్పుడు ఉత్సాహంలో నొప్పి తెలియకపోవచ్చు, పొద్దున ఆరింటికి ఆ ఉత్సాహం ఎవరికి ఉంటుంది?

నెల దాటేసరికి నడకలో నొప్పి పోయింది. మెట్లూ దిగుతున్నాను. ముగ్గూ వేస్తున్నాను. బయటివాళ్లెవరికీ నా కాలికి ఏదో అయిందని తెలియదు. ఇక పరిగెత్తొచ్చు కదా అని గ్రూపులో అందరూ అన్నారు, నాకూ అనిపించింది. ఫిజియో ఒక కాలి మీద నిలబడి మడమ ఎత్తి చూపించమంది, ఇక ఎత్తలేనన్నదాకా. ఎడమ కాలితో పాతిక దాటాను, అప్పుడు కూడా ఇంకా చేయగలననిపించింది. కుడి కాలితో పది కూడా రాలేదు. నొప్పి లేదు. ఏమీ లేదు. కాలు ఊరికే పైకి లేవలేదు, వణికి ఆగిపోయింది. మోకాలు వంచి చేస్తే ఇంకా అధ్వానం.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అర్థమైంది ఆ రోజే. నొప్పి పోవడానికి, కండ తిరిగి బలం పుంజుకోవడానికి మధ్య పెద్ద ఖాళీ ఉంటుంది. పిక్క గాయం మళ్లీ మళ్లీ తిరగబెడుతుందని పేరుపడింది ఎందుకంటే, చాలామంది ఆ ఖాళీలోనే పరుగు మొదలుపెడతారు. మా గ్రూపులో ఒక అన్నయ్యకి రెండేళ్లలో మూడుసార్లు అదే చోట చిరిగింది. ఆయన ప్రతిసారీ నొప్పి పోయేదాకా ఓపికగా ఆగాడు. ఓపిక విషయంలో ఆయనని ఎవరూ తప్పు పట్టలేరు. ఆ ఆగిన రోజుల్లో పిక్కకి పని చెప్పమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

అప్పటి నుంచి అసలు పని మొదలైంది. మెట్టు అంచు మీద నిలబడి మడమని మెట్టు కిందికి దించి పైకి ఎత్తడం, ఒక్కో కాలితో, మోకాలు చాచి కొన్ని, వంచి కొన్ని. తర్వాత అదే పని భుజానికి పిల్లాడి స్కూల్ బ్యాగ్ తగిలించుకుని. ఈ కాలంలో పిల్లల బ్యాగులు ఎంత బరువుంటాయో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. రోజు విడిచి రోజు చేశాను, ఎందుకంటే బరువు మోసిన కండకి కోలుకోవడానికి ఒక రోజు ఇవ్వాలి. ఈ దశ గురించి చెప్పడానికి ఆసక్తికరమైనదేమీ లేదు. విసుగు. నిజంగా విసుగు. మారథాన్‌కి తయారవడంలో కూడా విసుగు ఉంటుంది గానీ, దానికి సముద్రం తోడుంటుంది. ఇక్కడ నాకు కనిపించేది అపార్ట్‌మెంట్ మెట్ల గోడ మీద ఎవరో గీసిన క్రికెట్ స్కోరు.

ఊపిరి, గుండె మాత్రం ఊరికే కూర్చుంటే పాతబలం ఉంచుకోవు. పరుగు ఆపేస్తే రెండు వారాల్లోనే ఆ తగ్గుదల మొదలవుతుంది. దాని కోసం స్విమ్మింగ్ పూల్‌లో లోతు వైపు నడుముకి తేలే బెల్టు కట్టుకుని నీళ్లలో పరిగెత్తాను. పాదం నేలకి తగలదు కాబట్టి పిక్క మీద భారం పడదు, ఊపిరి మాత్రం అందదు. పక్కన ఈత నేర్చుకుంటున్న పిల్లలు నన్ను చూసి నవ్వేవారు, ముందుకి పోకుండా అక్కడే పరిగెత్తుతున్న మనిషిని చూస్తే ఎవరైనా నవ్వుతారు. సైకిల్ కూడా తొక్కాను. పెడల్‌ని మునివేళ్లతో కాకుండా పాదం మధ్యభాగంతో తొక్కితే పిక్క పని తక్కువ. భీమిలి వైపు ఉదయపు గాలిలో సైకిల్ మీద వెళ్తుంటే కాసేపు పరుగు గుర్తురాలేదు. కాసేపే. ఎదురుగా గ్రూపు వాళ్లు పరిగెత్తుతూ వస్తే చేయి ఊపి, ఆ తర్వాత కిలోమీటరు మౌనంగా తొక్కేదాన్ని.

నేవీ మారథాన్ రోజున నేను నీళ్ల స్టాల్ దగ్గర గ్లాసులు అందిస్తూ నిలబడ్డాను. బాధపడ్డానా అంటే, పడ్డాను. కానీ అంతకుముందు ఎప్పుడూ చూడనిది ఒకటి చూశాను. అంతమంది పిక్కలు ముఖాలతో సంబంధం లేకుండా కంటి ముందు నుంచి వెళ్తుంటే, వెనకబడ్డవాళ్లలో ఎంతమంది మడమ పైకి లేపలేక పాదం చప్పిడిగా పెడుతున్నారో కనిపించింది. ముప్ఫై కిలోమీటర్లు దాటాక అలసట మొదట కనిపించే చోట్లలో పిక్క ఒకటి. ఆ రోజు నుంచి నాకు మెట్ల దగ్గర విసుగు కొంచెం తగ్గింది.

గ్రూపులో ఒక పెద్దాయన నన్ను ఓదార్చడానికి ఇథియోపియా రన్నర్ కెనెనిసా బెకెలే కథ చెప్పేవారు. 5,000, 10,000 మీటర్లలో ప్రపంచ రికార్డులు తన పేరున ఉన్న రోజుల్లో, 2010 ఆరంభంలో బెకెలేకి పిక్క కండ చిరిగింది. దాదాపు రెండు సీజన్లు పోయాయి. ఆ తర్వాత 2019లో, 37 ఏళ్ల వయసులో బెర్లిన్ మారథాన్‌ని 2:01:41లో పరిగెత్తాడు, అప్పటి ప్రపంచ రికార్డుని రెండు సెకన్ల తేడాతో మిస్సయ్యాడు. కథ బాగానే ఉంది గానీ, నాకు అందులో కనబడింది బెర్లిన్ కాదు, ఆ రెండు సీజన్లు. ఇథియోపియా టీమ్ డాక్టర్లు, ఫిజియోలు అందుబాటులో ఉన్న మనిషికే అంత పట్టిందంటే నేను మూడు నెలలకి ఏడవడం న్యాయం కాదనిపించింది.

కుడి కాలు ఇరవై దాటి మడమ ఎత్తగలిగాక గెంతడం మొదలైంది. మేడ మీద స్కిప్పింగ్ తాడుతో, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒక్క కాలితో. పరుగంటే ఒక కాలి నుంచి ఇంకో కాలి మీదికి గెంతడమే కదా, అందుకని గెంతలేని కాలికి పరుగు ఇవ్వకూడదని ఫిజియో నియమం. అరగంట వేగంగా నడిచినా మర్నాడు ఏమీ తేడా లేదని తేలాక, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు. రోజు విడిచి రోజు. తర్వాత నడక తగ్గిస్తూ, పరుగు పెంచుతూ.

ఇక్కడ ఒక విషయం నేను అనుకున్నదానికి పూర్తిగా తలకిందులుగా ఉంది. మెల్లగా పరిగెత్తితే పిక్కకి సుఖమని అనుకుంటాం. ఫిజియో వీడియో తీసి చూపించింది: నేను భయంతో ఈడ్చుకుంటూ పరిగెత్తుతున్నాను, అడుగులు చిన్నవి, సంఖ్య ఎక్కువ. సోలియస్ పని మెల్లటి జాగింగ్‌లో కూడా పెద్దగా తగ్గదు, పైగా అదే కిలోమీటరుకి ఎక్కువ అడుగులు పడతాయి కాబట్టి మొత్తం మీద భారం పెరుగుతుంది. మరీ మెల్లగా వద్దు, మామూలు వేగంతో తక్కువసేపు పరిగెత్తు, మధ్యలో నడువు అంది. వేగం పెంచితే పిక్క హాయిగా ఉండడం నాకే నమ్మబుద్ధి కాలేదు. ఎత్తు రోడ్లు, ఇసుక మాత్రం చివరిదాకా వద్దంది. ఎక్కేటప్పుడు పాదం ఎక్కువ మడత పడుతుంది, ఇసుకలో మడమ దిగబడుతుంది, రెండు చోట్లా పిక్క మామూలు కంటే ఎక్కువ సాగి ఎక్కువ తోయాలి. వైజాగ్‌లో ఎత్తూ ఇసుకా లేని దారి వెతుక్కోవడం అంత సులువు కాదు. ట్రాఫిక్ ఆపేసే పొద్దుటి వేళల్లో ఆర్కే బీచ్ ముందు చదునుగా ఉండే ముక్కలోనే అటూ ఇటూ తిరిగాను. పల్లీలమ్మే అవ్వ ఒకరు, ఏదైనా పోగొట్టుకున్నావా అమ్మా అని అడిగింది.

అసలు ఎందుకు చిరిగిందన్నది కూడా అందరూ అడిగేవారు. బూట్లు మార్చావా, మడమ ఎత్తు తక్కువ ఉన్నవి వేశావా, దూరం ఒక్కసారిగా పెంచావా, నీళ్లు తాగలేదా? ఫిజియో నా డైరీ అంతా తిరగేసింది. చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదు. నలభై దాటాక పిక్క గాయాలు ఎక్కువవుతాయి, నాకు నలభై మూడు. ఇంతకుమించి కారణం దొరకలేదు. నాకు తెలిసి పరిగెత్తేవాళ్లు ఈ కారణం వెతకడంలో చాలా శక్తి పోగొట్టుకుంటారు. దొరికితే మంచిదే. దొరక్కపోయినా మెట్టు అంచు మీద చేయాల్సిన పని మారదు.

ఫిబ్రవరికి ఆపకుండా గంట పరిగెత్తగలిగాను. మార్చి నుంచి ఎండలు, ఉక్కపోత. దూరం పెంచడానికి అవి ఏమాత్రం సహకరించలేదు, అయినా నాలుగున్నరకే లేచి కొంచెం కొంచెంగా పెంచాను. అప్పుడు బయటపడింది అత్తయ్య మొక్కు సంగతి. నా కాలు బాగైతే నేను సింహాద్రి అప్పన్నకి గిరిప్రదక్షిణ చేస్తానని, సెప్టెంబర్‌లోనే ఆవిడ మొక్కేసుకున్నారు. నా తరఫున. నన్ను అడక్కుండా. "నేను చేస్తానని మొక్కుకుంటే నా మోకాళ్లు రావు కదమ్మా, నువ్వయితే ఎలాగూ పరిగెడతావు" అని ఆవిడ లాజిక్కు.

సింహాచలం గిరిప్రదక్షిణ ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు. కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ తిరిగి రావడానికి 32 కిలోమీటర్లు. చాలామంది ఉత్తకాళ్లతో నడుస్తారు. పరిగెత్తేవాళ్లకి 32 పెద్ద దూరం కాదనిపిస్తుంది గానీ, చెప్పులు లేకుండా అంటే మడమ కింద ఎత్తు ఏమీ లేకుండా, తారు రోడ్డు మీద, రాత్రంతా. పిక్కకి ఇది మారథాన్‌కి తక్కువేమీ కాదు. ఫిజియోకి చెబితే కాసేపు ఆలోచించి, మొక్కుకి వద్దనలేను మేడమ్ అని, మే నెల నుంచి వారానికి కొంత దూరం ఉత్తకాళ్లతో నడిపించింది. ఇంటి చుట్టూ మొదలుపెట్టి పార్కుల దాకా. అరికాళ్లు గట్టిపడడానికి కూడా అదే మందు.

ఆ రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది, సాయంత్రానికి చినుకులు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, అరటిపండ్లు పంచేవాళ్లు. మారథాన్ నీళ్ల స్టాల్స్‌లో ఇంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు. తాగిన గ్లాసు కింద పడేయకుండా చేతిలోంచి తీసుకుని మరీ ఇంకో గ్లాసు ఇచ్చేవారు. నా పక్కన నడిచిన ఒకావిడ అరవై దాటి ఉంటారు, తలమీద నీళ్ల సీసాల మూట, ఎక్కడా ఆగలేదు. హనుమంతవాక ఎత్తు దగ్గర నేను పిక్కనే వింటూ నడిచాను. అది ఏమీ అనలేదు. గోపాలపట్నం దాటాక కుడి అరికాలు బొబ్బెక్కింది, అది కూడా పిక్కకి సంబంధం లేని చోట. తెల్లవారకముందే పూర్తయింది. అత్తయ్య ప్రసాదం కళ్లకద్దుకుని, నా కాలు బాగుచేసింది అప్పన్నేనని తేల్చేశారు. బియ్యం బస్తా ఎవరు మోశారని నేను అడగలేదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు మెట్టు అంచు వ్యాయామం నడుస్తోంది, పరుగు తర్వాత కాకుండా విడిగా, బరువుతో. దీన్ని ఆపేది లేదని ఫిజియో మొదట్లోనే చెప్పింది. హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. అక్కడి ఫ్లైఓవర్ల కోసం కైలాసగిరి రోడ్డు మళ్లీ ఎక్కుతున్నాను, వారానికి ఒకసారికి మించకుండా. ఇసుకలో పరుగు గురించి అడిగితే మాత్రం సంక్రాంతి దాటాక చూద్దాం అంటోంది.